నాలుకాయన పులితేన్పులు

మా పాల కేంద్రంలో నా ఉద్యోగం నాలుకతో. వినడానికి వెటకారంగా ఉంటుంది గానీ నిజం అదే. పొద్దున ఐదున్నరకీ, సాయంత్రం ఐదింటికీ జనం క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతారు. నేను మూత తీసి వాసన చూస్తాను. చిన్న గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని నాలుకకి తగిలించి, పక్కనున్న తూములో ఉమ్మేస్తాను. మంచివైతే తల ఊపుతాను. పులిసినవైతే మూత పెట్టేస్తాను. రెంటికీ మాట అక్కర్లేదు. అందుకే ఈ ఉద్యోగం నాకు పదకొండేళ్ళుగా సరిపోయింది.

వెన్న ఎంతుందో చెప్పే యంత్రం గుమాస్తా గారి బల్ల మీద ఉంది. పులుపు చూడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. గాజు గొట్టంలో కాసిని పాలు పోసి స్పిరిటు దీపం మీద మరిగించాలి. విరిగితే పులిసినట్టు, విరక్కపోతే మంచివి. ఆ దీపం బీరువా నెత్తి మీద ఉండేది, దాని మీద సాలెగూడు ఉండేది. "నువ్వుండగా మనకి దీపం దేనికోయ్?" అని గుమాస్తా గారే దాన్ని పైకెక్కించారు. ఆ మాట విన్నప్పుడు నేను పైకి ఏమీ అనలేదు. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం దారిలో మనిషి లేకపోయినా సైకిలు బెల్లు రెండుసార్లు కొట్టాను.

జనం నన్ను నాలుకాయన అంటారు. రోజుకి నలభై మాటలు కూడా మాట్లాడని వాడికి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, వాడికి నామీద చాలాకాలం కడుపుమంట ఉండి ఉంటుంది. అసలు కడుపుమంట తర్వాత నాకే వచ్చింది.

చలి తగ్గుతున్న రోజుల్లో మొదలైంది. ఛాతీ మధ్యలో, ఎవరో అగ్గిపుల్ల గీసి ఆర్పడం మరిచిపోయినట్టు. వంగితే మంట, పడుకుంటే మంట. ఆ తర్వాత పులితేన్పులు. ఒక్కో తేన్పుకి గొంతు దాకా పులుపు ఎగదన్నుకొచ్చేది. కారణాలు నాకు తెలియక కాదు. పరగడుపున రెండు లోటాల చిక్కటి టీ, భోజనంలో పచ్చిమిరపకాయ కొరుక్కోవడం, చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే మంచం మీద వాలిపోవడం. ఈ మూడూ నేను మానుకోదలచలేదు. మిగతావన్నీ చేశాను.

రోగం ఒక్కటే, వైద్యులు మాత్రం ఊరంతా. నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడటం చూసినవాళ్ళల్లా ఒక మందు చెప్పారు. వద్దు అనడానికి ఒక మాట కావాలి. ఎందుకు వద్దో చెప్పడానికి ఇంకో పది కావాలి. దానికంటే తాగేయడం తేలిక. తాగేవాణ్ణి.

మొదటి మందు మా ఆవిడది. జీలకర్ర వేసి మరిగించిన నీళ్ళు, పొద్దున్నే చెంబుడు. రెండోది పాల ట్యాంకరు డ్రైవరుది. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా.

"అన్నా, ఒక్క తేన్పు రానీ. లోపలున్న దెయ్యం సామాను సర్దుకుని పోతది," అన్నాడు.

తేన్పు వచ్చింది. లోపల గదిలో ఉన్న గుమాస్తా గారు కిటికీలోంచి తల బయటపెట్టి ఆకాశం వంక చూశారు. దెయ్యం గంటసేపు ఎటో వెళ్ళొచ్చి, మళ్ళీ తన చోట్లో కూర్చుంది. పులిసిన పాలలో సోడా కలిపి మంచివని తెచ్చేవాళ్ళని పట్టుకోవడం నా పనిలో భాగం. ఏడాదికి ఒకరిద్దరు దొరుకుతారు. ఆ వారం మాత్రం సోడా కలిపిన క్యాను నేనే. నన్ను పట్టుకునేవాడు లేడు.

గుమాస్తా గారు నిమ్మకాయ నీళ్ళన్నారు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలట. తాగాను. ముల్లు రెండైంది. మంగలి నా గడ్డం సగం గీసి, కత్తి గాల్లో పట్టుకుని, భోజనం కాగానే గుప్పెడు సోంపు నమలమన్నాడు. కత్తి వాడి చేతిలో ఉంది కాబట్టి సరేనన్నాను. నమిలాను. నోరు సువాసన, ఛాతీ కొలిమి.

మంచానికి తలవైపు రెండేసి ఇటుకలు పెట్టుకుంటే పులుపు పైకి రాదని ఎవరో మా ఆవిడకి చెప్పారు. పెట్టింది. ఆ మాట నిజమే, కొంచెం నయంగా ఉండేది. కాకపోతే నిద్రలో జారిపోయి, తెల్లారేసరికి నా మోకాళ్ళు మంచం బయట ఉండేవి.

"ఏమయ్యా, మంచం మీద పడుకుంటావా, జారుడుబల్ల ఆడతావా?" అనేది మా ఆవిడ. ఆమే రెండడుగులు కిందికి జారి ఉండి.

నాలుగోది ఐదోది నేను లెక్కపెట్టలేదు గానీ, అన్నిట్లోకీ నాకు హాయినిచ్చిన మందు చల్లటి పాలు. పొద్దున వరస అయిపోయి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కాచి చల్లార్చిన పాలు నీళ్ళ తొట్టిలో పెట్టి ఉంచేది. గ్లాసుడు తాగితే ఛాతీలో అగ్గిపుల్ల మీద తడిగుడ్డ కప్పినట్టు ఉండేది. ఆ హాయి గంటే. గంట చాలనుకునేవాణ్ణి.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆవిడకి అక్క. కాలవ అవతల ఇల్లు, రెండు ఆవులు. భర్త పోయాక ఆ రెండు ఆవుల మీదే ఇల్లు నడుస్తోంది. దూరం కాబట్టి పొద్దున పాలే కేంద్రానికి తెస్తుంది, సాయంత్రంవి ఇంటికి ఉంచుకుంటుంది; ఆవిడ క్యాను ఎప్పుడూ వరసలో ఆఖరున ఉంటుంది. నోరు మాత్రం ముందుంటుంది. మా పెళ్ళినాడే నన్ను చూసి, "పిల్లాడు మూగా, లేక మర్యాదా?" అని అడిగిన మనిషి.

ఒక సోమవారం పొద్దున ఆవిడ పాలు నాలుకకి తగిలించాను. పుల్లగా ఉన్నాయి. మళ్ళీ చూశాను. పులుపే. మూత పెట్టేశాను.

"మరిదీ, మూత పెట్టావేంటి?" అంది వదిన.

నేను తల అడ్డంగా ఊపాను.

"తెల్లారి పిండిన పాలయ్యా! ఇంకా నురగ కూడా చావలేదు!"

నేను క్యాను ఆవిడ వైపు జరిపాను. మా కేంద్రంలో ఒక కట్టుబాటు ఉంది. పాలు పోసే ప్రతివారి పేరునా మేకుల బల్ల మీద ఒక కార్డు వేలాడుతుంది; మూడుసార్లు పాలు తిరక్కొడితే ఆ కార్డు తీసి గుమాస్తా గారు సొరుగులో వేసేస్తారు. ఆ తర్వాత ఆరు నెలల దాకా ఆ ఇంటి పాలు తీసుకోరు. ఊళ్ళో ఇంకెవరూ కొనరు కూడా. కేంద్రం వద్దన్న పాలు నాకెందుకంటారు. వదినకది ఒకటోసారి. నాకేమీ అనుమానం రాలేదు. పైగా కారణం కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆఖరున వస్తుంది, దూరం నుంచి వస్తుంది, క్యాను సరిగ్గా కడగదేమో. ముందు వచ్చినవాళ్ళ పాలన్నీ బాగానే ఉన్నాయిగా! నలభై క్యాన్ల మీద వంగి లేచేసరికి నా గొంతులోకి ఏం వస్తోందో నేను ఆలోచించలేదు. అవతలివాళ్ళ క్యాన్లో పులుపు వెతకడమే నా ఉద్యోగం. నా క్యాన్లో వెతుక్కోమని ఎవరూ చెప్పలేదు.

మంగళవారం పొద్దున రెండోసారి. వదిన ఆ రోజు అరవలేదు. క్యాను తిప్పి చూపించింది. లోపల ఎండలో పెట్టిన గిన్నెలా మెరుస్తోంది.

"వేడినీళ్ళతో కడిగా. నీ ఎదుట మళ్ళీ కడగనా?"

నేను వరస అయిపోయిందన్నట్టు గరిటె కడిగి మేకుకి తగిలించాను. వెనక ఉన్న డ్రైవరు, "అన్నా, మీ వదిన గదా, ఇంకోసారి చూడు," అన్నాడు. చుట్టమని వదిలేస్తే రేపు నలుగురూ ఏమనుకుంటారని నా భయం. ఆ భయాన్ని నిజాయితీ అనుకున్నాను. అదీ నా తెలివి.

ఆ సాయంత్రం మా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు తిరక్కుండా, "ఒకసారి మరిగించి చూడకూడదూ?" అంది.

నేను చూశాను. ఆ చూపుకి నా అర్థం, పదకొండేళ్ళ నాలుక అని. ఆమెకి అర్థమైంది వేరే. చట్టి దించుతూ, "చూపులకేం తక్కువలేదు," అంది.

బుధవారం పొద్దున మూడోసారి. గొంతులో మంట, నాలుక మీద పులుపు. మూత పెట్టాను. గుమాస్తా గారు లేచి వచ్చి, మేకుల బల్ల మీంచి వదిన కార్డు తీశారు. ఆయనకీ ఇష్టం లేదు. కార్డుని అంగీ అంచుతో తుడిచి మరీ సొరుగులో వేశారు. వదిన ఖాళీ మేకు వంక చూసి, క్యాను మూత బిగించింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. క్యాను చేత్తో పట్టుకోకుండా నడుం మీద పెట్టుకుని, కాలవ వైపు కాకుండా మా ఇంటి వైపు వెళ్ళింది. నాకు అది కూడా అనుమానం కలిగించలేదు.

ట్యాంకరు నింపి పంపేసి ఇంటికెళ్ళాను. చల్లటి పాలు సిద్ధంగా ఉన్నాయి. గుటకలు వేసి తాగాను. ఛాతీ చల్లబడింది. ప్రాణం లేచొచ్చి, నాకు అలవాటు లేని పని చేశాను. అడక్కుండానే మాట్లాడాను.

"పాలు బాగున్నాయి."

మా ఆవిడ చేతిలో చేట కింద పెట్టింది.

"ఏమన్నావ్?"

"బాగున్నాయన్నా. తియ్యగా ఉన్నాయి."

"మళ్ళీ అను."

"తియ్యగా—"

"అవి ఎవరి పాలో తెలుసా? పొద్దున నువ్వు పులిశాయని మూతేసిన పాలు! సోమవారం నుంచీ నువ్వు తాగుతున్నవి మా అక్క పాలే. పారబొయ్యడం చేతకాక ఏడుస్తూ ఇక్కడికి తెచ్చింది. నేను మరిగించా. విరగలేదు. మర్నాడూ మరిగించా. విరగలేదు. ఇవాళా విరగలేదు. పులిసిన పాలు మరిగిస్తే ఏమవుతాయో నాలుకాయన పెళ్ళాన్ని, నాకు తెలీదా?"

గ్లాసు అడుగున ఇంకా కొంచెం ఉన్నాయి. నాలుకకి తగిలించాను. చల్లబడిన నోటికి తియ్యగా ఉన్నాయి. వెంటనే ఒక తేన్పు వచ్చింది. మళ్ళీ తగిలించాను. అవే పాలు, అదే గ్లాసు. పుల్లగా ఉన్నాయి.

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పబోతే చూశావుగా!"

ఆ మధ్యాహ్నం పచ్చిమిరపకాయ కొరకలేదు, మంచం మీద వాలలేదు. ఆరోగ్యం కోసం కాదు. కొరకబుద్ధి కాలేదు, పడుకోబుద్ధి కాలేదు. నేను నోరు విప్పితే వదిన కార్డు మేకు మీదికి వస్తుంది. విప్పితే నా నాలుకకి ఉన్న పేరు తూములోకి పోతుంది. గోడకి ఆనుకుని కూర్చుని ఈ రెండూ అటూ ఇటూ తూచుతూ మూడు గంటలు గడిపాను. మంచివాణ్ణయితే మూడు నిమిషాల్లో తేలిపోయేది.

నాలుగింటికి కాలవ దాటి వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ పాలు పిండుతోంది. నన్ను చూసి కూడా ధార ఆపలేదు.

"కార్డు తీసుకున్నారు. ఇప్పుడు ఆవుల్ని కూడా తోలుకెళ్తావా?"

"పాలు తీసుకుని రా వదినా."

"ఎక్కడికి?"

"కేంద్రానికి."

"నాలుగోసారి కూడా మూతేద్దామనా? నీకు సరదాగా ఉందేమో గానీ నాకు లేదు."

నేను ఎలా చెప్పాలో వెతుక్కుంటూ నిలబడ్డాను. ఆవు నన్ను ఎగాదిగా చూసింది. వదిన కూడా చూసింది. చివరికి ఆవిడకే జాలేసినట్టుంది.

"మాట్లాడు మరిదీ, పన్ను కట్టక్కర్లేదు."

"తప్పు నాది," అన్నాను.

ధార ఆగింది. ఆవిడ చేతులు చీర కొంగుకి తుడుచుకుని, "ఈ మాట ఇక్కడ ఆవులకి చెబితే ఏం లాభం? అక్కడ చెప్పు," అంది. "క్యాను నువ్వే మొయ్యి."

మోశాను. కాలవ గట్టు మీద నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. వదిన ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంత నోరున్న మనిషి దారంతా మౌనంగా నడిస్తే ఎంత బరువుగా ఉంటుందో క్యానుతో పాటు తెలిసింది.

కేంద్రంలో వరస అప్పటికే గడప దాటింది. గరిటె పట్టే మనిషి లేక గుమాస్తా గారు చిరాగ్గా ఉన్నారు. నేను వదిన క్యాను తెచ్చి బల్ల మీద, అందరికంటే ముందు పెట్టాను.

"ఇదేంటోయ్? ఆవిడ కార్డు లేదుగా," అన్నారు గుమాస్తా గారు.

"దీపం దించండి."

"ఏ దీపం?"

నేను బీరువా నెత్తి మీదికి చూపించాను. వరసలో వాళ్ళంతా తలలెత్తి అటే చూశారు. గుమాస్తా గారు నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించారు.

"చూడు, నీ నాలుక తప్పిందని నలుగురిలో అంటే, పదకొండేళ్ళుగా నువ్వు వెనక్కి పంపినవాళ్ళందరూ రేపు పొద్దున నా బల్ల మీద కూర్చుంటారు. ఆవిడ సంగతి ఏదో నెలాఖరుకి మెల్లిగా చూద్దాం. ఊరుకో."

ఊరుకోవడం నాకు చెప్పాలా! అందులో నన్ను మించినవాడు లేడు. నోరు సగం మూసుకున్నాను కూడా. అంతలో వదిన వరసలో అందరికీ వినపడేలా, "గుసగుసలు దేనికి? మరిదీ, నువ్వే రుచి చూడు. చూసి ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

గరిటె తీసుకున్నాను. రెండు చుక్కలు అరచేతిలో పోసుకున్నాను. కాలవ గట్టంతా క్యాను మోసుకొచ్చి ఉన్నాను, వంగి దించి ఉన్నాను. లోపల కొలిమి మంచి ఊపు మీదుంది. నాలుకకి తగిలించాను. మంచివి అని చెప్పేస్తే పని అయిపోతుంది. కానీ ఉన్నదున్నట్టు చెప్పమంది.

"పుల్లగా ఉన్నాయి," అన్నాను.

"ఓరి దేవుడా!" అన్నారెవరో. వదిన మొహం పాలిపోయింది.

"ఇప్పుడు మరిగించండి," అన్నాను గుమాస్తా గారితో.

డ్రైవరు బల్లెక్కి దీపం దించాడు. సాలెగూడు ఊది, ఒత్తి వెలిగించాడు. గాజు గొట్టంలో పాలు పోసి పట్టకారుతో పట్టుకున్నాడు. అందరూ దగ్గరికి జరిగారు. పాలు వణికాయి, బుడగలొచ్చాయి, పొంగి గొట్టం అంచు దాకా ఎక్కాయి. డ్రైవరు గొట్టాన్ని వంచి వెలుతురుకి తిప్పాడు. గాజుకి ఒక్క పలుకు కూడా అంటలేదు. తెల్లగా, నున్నగా జారాయి.

"విరగలేదు," అన్నాడు.

"మళ్ళీ పొయ్యి," అన్నారు గుమాస్తా గారు. మళ్ళీ పోశాడు. మళ్ళీ విరగలేదు.

డ్రైవరుకి అనుమానం వచ్చింది. కుళాయి దగ్గరికెళ్ళి గరిటెడు నీళ్ళు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

"అన్నా, ఇది చూడు."

చూశాను.

"ఎట్లుంది?"

"పుల్లగా ఉంది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వరస చివర ఎవరో ముసలాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు క్యాను మీంచి క్యాను మీదికి దూకుతూ గుమాస్తా గారి బల్ల దాకా వచ్చింది. "కుళాయి కార్డు కూడా తీసెయ్యండి!" అన్నారెవరో. నాకు చెవులు కాలాయి. ఛాతీతో పోలిస్తే అది పెద్ద మంట కాదు.

"వదిన పాలు పులవలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మూడుసార్లూ పులవలేదు. కొన్నాళ్ళుగా నా కడుపులోది నోటికొస్తోంది. అది పాల రుచి అనుకున్నా. దీపం దించి చూసుకోవాల్సింది. గర్వం కొద్దీ దించలేదు. అంతకుముందు వెనక్కి పంపినవి నిజంగా పులిసినవే. ఈ మూడూ కాదు."

లెక్కపెట్టలేదు గానీ, ఆ ఏడాదికి సరిపడా మాటలు అయిపోయి ఉంటాయి.

గుమాస్తా గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత సొరుగు లాగి వదిన కార్డు తీసి మేకుకి తగిలించారు. "రేపట్నుంచి ప్రతి క్యానూ దీపం మీద చూడాల్సిందే. దీపం దగ్గర నువ్వే నిలబడు. నాలుక మాత్రం ఇంటి దగ్గర పెట్టి రా," అన్నారు నాతో. "ముందు డాక్టరు దగ్గరికెళ్ళు. గ్లాసులో సోడా పోసేవాళ్ళ మాట విని ఇన్నాళ్ళు నెట్టావు."

"నిమ్మకాయ ఎవరు చెప్పారో!" అన్నాడు డ్రైవరు.

అప్పుడు మొదలైంది. నా జబ్బేంటో ఇప్పుడు నలభై మందికీ తెలిసింది. అల్లం దంచి తేనెలో అన్నారొకరు. అరటిపండన్నారు ఇంకొకరు. బెల్లం ముక్క నోట్లో పెట్టుకో, కలబంద గుజ్జు మింగు, ఎడమ పక్కకి తిరిగి పడుకో. ఒకావిడ చెంగు ముడి విప్పి ఏదో వేరు ముక్క తీసి నా చేతిలో పెట్టబోయింది.

"వద్దు," అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఎందుకు?" అంది.

"తిన్నాక పడుకోవడం మానేస్తా. మిరపకాయ మానేస్తా. టీ కూడా." టీ మాటని చివరిదాకా వాయిదా వేశాను. "ముందు అవి చూస్తా."

వదిన పాలు తూకమేసి పెద్ద క్యాన్లో పోశారు. మూడు రోజుల తర్వాత ఆవిడ పాలు ఆ క్యాన్లో పడుతున్న చప్పుడు అందరూ విన్నారు. ఖాళీ క్యాను నడుం మీద పెట్టుకుని ఆవిడ నా దగ్గర ఆగింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను.

"చాల్లే, ఇవాళ్టికి బోలెడు మాట్లాడావు," అంది వదిన. "మా చెల్లెలికి చెప్పు, రేపట్నుంచి నీకు చల్లటి పాలు లేవని. నా పాలు కేంద్రం కొనుక్కుంటోంది."

అని, గడప దాటి, కాలవ వైపు వెళ్ళింది.